అల్లుడికి, కలకత్తా రైలెక్కే ముందు

అల్లుడా,

నిన్న రాత్రి నువ్వు ఫోన్‌లో "మామా, కలకత్తా ఫుట్‌బాల్ క్లబ్ అగ్రిమెంట్ మీద సంతకం పెట్టేసిన" అన్నప్పుడు మీ అమ్మ నా పక్కనే ఉంది. అరగంట ఏడ్చి, లేచి సకినాలకు బియ్యం నానబోసింది. "అంత దూరమా" అని ఒకటే గొణుగుడు. మన పక్క నిజామాబాద్ పిల్ల గుగులోత్ సౌమ్య క్రొయేషియా పోయి అక్కడి డైనమో జాగ్రెబ్ క్లబ్‌కు ఆడొచ్చింది, కలకత్తా ఒక లెక్కా అన్నాను. వినలేదు. మీ నాన్న మాత్రం ఒక్కటే అడిగాడు: "గోల్స్ కొట్టకపోతే తీసేస్తరా?"

తీసేస్తారు. అందుకే ఈ ఉత్తరం రాస్తున్నా.

కాజీపేట రైల్వే గ్రౌండ్‌లో పదిహేనేళ్లు, మధ్యలో ఒక్క సీజన్ కలకత్తాలో, అంతా ఫార్వర్డ్‌గానే, అంటే ముందుండి గోల్స్ కొట్టేవాడిగానే ఆడాను. తొంభై నిమిషాల మ్యాచ్‌లో బంతి మన కాలి దగ్గర ఉండేది మహా అయితే రెండు మూడు నిమిషాలు. మిగతా సమయమంతా ఏం చేస్తున్నావన్నదే నీ ఉద్యోగం. జనం గోల్ చూస్తారు, కోచ్ ఆ మిగతాది చూస్తాడు.

మొన్న హన్మకొండలో నీ మ్యాచ్ చూశాను కదా. కుడివైపు మీవాడు బంతి తీసుకుని లైన్ వెంట వస్తున్నాడు. నువ్వు తిన్నగా గోల్ మీదికి పరుగెత్తావు. డిఫెండర్‌కు నువ్వూ కనిపిస్తున్నావు, బంతీ కనిపిస్తోంది. వాడికి ఇంకేం కష్టం? ముందు వాడి భుజం వెనక నిలబడు. బంతిని చూస్తే నువ్వు కనపడవు, నిన్ను చూస్తే బంతి కనపడదు. అక్కడి నుంచి దూరపు గోల్‌పోస్టు వైపు రెండడుగులు వెయ్యి, నీకోసం వాడు తల తిప్పుతాడు. సరిగ్గా అప్పుడు గోల్ ముందుకు క్రాస్ కొట్టడానికి, లైన్ వెంట వస్తున్న మీ వింగర్ తల దించుతాడు. ఆ తల దించడమే నీకు సిగ్నల్. డిఫెండర్ ముందు నుంచి దగ్గరి పోస్టుకు దూసుకుపో. అరసెకను ముందు కదిలితే ఆఫ్‌సైడ్ (మీవాడు బంతి తన్నకముందే డిఫెండర్లను దాటి గోల్ వైపు పోయిన తప్పు), అరసెకను ఆలస్యమైతే బంతి వాళ్లది. ఇలా పదిసార్లు పరుగెత్తితే తొమ్మిదిసార్లు బంతి రాదు. పదోసారి కూడా అదే వేగంతో పోవాలి. మన పిల్లలు తప్పేది ఇక్కడే. నాలుగోసారికే చేతులు నడుముకు పోతాయి.

ఇంకోటి. త్రో-ఇన్‌కు ఆఫ్‌సైడ్ లేదు, గోల్ కిక్‌కు లేదు, కార్నర్‌కు లేదు. ఇది తెలియనివాడు ఉండడు, వాడుకునేవాడే కనపడడు.

నీ ఎడమ కాలు ఇంకా కట్టెలాగే ఉంది. ఏమనుకోకు. నాదీ అంతే ఉండేది. మా క్వార్టర్ వెనక గోడకేసి రోజూ రెండొందల సార్లు ఎడమ కాలితోనే కొట్టేవాణ్ని. మూడు నెలలకు కాలు దారికొచ్చింది, గోడ పెచ్చులు మాత్రం ఊడిపోయాయి. ఆఫీసు నుంచి మనిషొచ్చి కొలతలు వేసి నా పేరు మీద కాగితం రాసుకుపోయాడు. నీకు హాస్టల్ గోడ ఉంటుందిగా.

గోల్ రాని రోజులు వస్తాయి. ఆ కలకత్తా సీజన్‌లో నాకు వరసగా ఏడు మ్యాచ్‌లు గోల్ లేదు. ఎనిమిదో మ్యాచ్‌లో బంతి దొరికితే చాలు, ముప్పై గజాల నుంచి కూడా కొట్టేశాను. పక్కన ఖాళీగా ఉన్నవాడికి ఇవ్వలేదు. తొమ్మిదో మ్యాచ్‌కు బెంచీ మీద కూర్చోబెట్టారు, తప్పు నాదే. అలాంటి రోజు వస్తే చిన్న పనులు పట్టుకో. ఒక్క టచ్‌తో వెనక్కి ఇవ్వు, డిఫెండర్ తీరుబడిగా బంతి ఆడకుండా వెంటపడు, ఒక కార్నర్ సంపాదించు. ఫోన్‌లో నీ పేరు వెతుక్కోకు. 2024 డిసెంబర్ 31న హైదరాబాద్‌లో, రాష్ట్రాల జట్లు ఆడే సంతోష్ ట్రోఫీ ఫైనల్ చూడ్డానికి పోయాను. తొంభై నిమిషాలు దాటినా బెంగాల్, కేరళ 0-0. ఆగిన ఆటకు చివర్లో కలిపిన నిమిషాల్లో, నాలుగో నిమిషాన రాబీ హంస్దా కొట్టాడు, కప్పు బెంగాల్‌ది. ఆ టోర్నీలో అతనివి 12 గోల్స్. నా పక్క సీటాయన ఎనభై అయిదో నిమిషంలోనే బస్సు దొరకదని లేచిపోయాడు.

ఇప్పుడు మోకాలి సంగతి. నువ్వు చిన్నప్పటి నుంచి అడుగుతున్నావు, నేను దాటేస్తూ వచ్చాను. ఒక పెద్ద మ్యాచ్ ముందు నా కుడి మోకాలు వాచింది. టీమ్ వాళ్లు సూది వేయించి దింపారు. నొప్పి తెలియలేదు. తెలియకపోవడమే నా కొంప ముంచింది. ఆరోజు తెగింది మళ్లీ సరిగ్గా అతకలేదు. నొప్పి తెలియకుండా చేసే సూదికి ఎవరు చెప్పినా ఒప్పుకోకు. స్కాన్ తీయించమని అడుగు. మోకాలి లోపల ఎముకలను పట్టి ఉంచే లిగమెంట్ (ACL) తెగితే ఆపరేషన్ తర్వాత కనీసం తొమ్మిది నెలలు ఆట జోలికి పోవద్దు. ఆరు నెలలకే బాగుందనిపిస్తుంది, నమ్మకు. ఒళ్లు మొరాయిస్తే ఎంత గొప్పవాడైనా ఆగాల్సిందే. మన సికింద్రాబాద్ అమ్ముగూడ నుంచి పోయిన తులసీదాస్ బలరాం 1956, 1960 ఒలింపిక్స్ ఆడి, 1962లో ఆసియా క్రీడల బంగారు పతకం తెచ్చాడు. ఊపిరితిత్తుల జబ్బుతో 27 ఏళ్లకే ఆట ఆపేయాల్సి వచ్చింది.

అగ్రిమెంట్ కాపీ ఒకటి ఇంట్లో ఉంచు, ఫోన్‌లో ఫొటో ఉంటే సరిపోదు. జీతం ఏ తేదీకి, గది అద్దె ఎవరిది, దెబ్బ తగిలితే వైద్యం ఖర్చు ఎవరిది, ఆ నెలల జీతం ఇస్తారా లేదా, ఈ నాలుగూ అందులో రాసి ఉన్నాయా చూడు. జీతం ఆలస్యమైతే ఫోన్‌లో బతిమాలకు, రాతపూర్వకంగా అడుగు. అగ్రిమెంట్ చివరి ఆరు నెలల్లో వేరే క్లబ్‌తో మాట్లాడుకునే హక్కు నీకుంది, అంతకుముందు ఎవడైనా ఆశపెడితే తొందరపడకు. నాకు అప్పటి క్లబ్ నుంచి మూడు నెలల జీతం రావాల్సి ఉంది. ఇప్పటికీ రావాల్సే ఉంది.

డిగ్రీ పరీక్షలు మానొద్దు. మన హైదరాబాద్ ఫుట్‌బాలర్ మహమ్మద్ హబీబ్ ఉద్యోగం వద్దని ఆటనే నమ్ముకున్నాడని చెబుతారు. 1977లో ఈడెన్ గార్డెన్స్‌లో పెలే ఆడిన అమెరికా క్లబ్ కాస్మోస్ మీద కలకత్తా క్లబ్ మోహన్ బగాన్ తరఫున గోల్ కొట్టిన మనిషి, ఆయనకు చెల్లింది. నన్ను మాత్రం రైల్వే ఉద్యోగమే కాపాడింది. ఆడిన ప్రతి టోర్నీ సర్టిఫికెట్ ఒక ఫైల్లో పెట్టు. స్పోర్ట్స్ కోటాలో అడిగేది కాగితమే, నీ గోల్స్ చూసినవాడు అక్కడ ఎవడూ ఉండడు.

కలకత్తా లీగ్ వానల్లోనే జరుగుతుంది. మన ఎర్ర మొరం గ్రౌండ్‌కు వేసుకునే బూట్ల అడుగున ఉండే పొట్టి స్టడ్స్ అక్కడ జారతాయి, పొడుగు స్టడ్స్ జత ఇంకొకటి కొనుక్కో. మీ అమ్మకు చెప్పకుండా రెండు వేలు పంపిస్తున్నా. సకినాల డబ్బా మాత్రం వద్దనకు, రూమ్‌లో కొత్తవాళ్లతో మాట కలపడానికి పనికొస్తుంది.

మొదటి మ్యాచ్ అయ్యాక ఫోన్ చెయ్యి. గోల్ సంగతి మీ నాన్న అడుగుతాడు. నీకోసం ఆ డిఫెండర్ ఎన్నిసార్లు వెనక్కి తిరిగి చూశాడో నాకు చెప్పు.

మీ మామ
కాజీపేట