భాషా సందేహాలు: రీగా అబ్బాయిదా గెలుపు, సురబయ అబ్బాయిదా?

ప్రశ్న: మాస్టారూ, మాది పర్లాకిమిడి. పెద్దబ్బాయి లాత్వియా దేశంలో, రీగాలో చదువుతున్నాడు. చిన్నవాడు ఇండోనేషియాలోని సురబయలో ఓడల పనిలో ఉన్నాడు. వాడి తోటి పనివాళ్లు చాలామంది మదురా ద్వీపం వాళ్లట. వీడియో కాల్‌లో అన్నదమ్ములిద్దరిదీ ఒకటే వాదన. లాత్వియన్ సంస్కృతానికి చుట్టం కాబట్టి మనకూ చుట్టమేనని పెద్దవాడు అంటాడు. మదురా వాళ్లు భాషను ‘భాస’ అనే అంటారు, అంకెల్లో రెండును ‘ధువా’ అంటారు కాబట్టి అదే మనకు దగ్గరని చిన్నవాడు అంటాడు. ఎవరి మాట నిజం? ఏది నేర్చుకోవడం కష్టం?

జవాబు: అమ్మా, చుట్టరికం మాట వరకైతే పెద్దవాడికి సగం మార్కులు వేస్తాను. చిన్నవాడికి అంతకంటే తక్కువే.

లాత్వియన్ ఇండో యూరోపియన్ కుటుంబంలో బాల్టిక్ శాఖకు చెందిన భాష. సంస్కృతంతో దానికున్నది పుట్టుకతో వచ్చిన బంధుత్వం. నిప్పును వాళ్లు ‘ఉగున్స్’ అంటారు, సంస్కృతంలో అగ్ని. పొగ ‘దూమి’, సంస్కృతంలో ధూమం. రెండు, మూడు, పది వాళ్లకు ‘దివి, త్రీస్, దెస్మిత్’. కానీ తెలుగు ద్రావిడ భాష. అగ్ని, ధూమం మనం తెచ్చుకున్న మాటలు. ఇంట్లో పుట్టినవి నిప్పు, పొగ. కాబట్టి లాత్వియన్‌కు బంధువు మీరు కాదు, మీ పక్కింటి ఒడియావాళ్లు. పొగను ‘ధూఆఁ’ అంటారు కదా, అడిగి చూడండి. రీగాలో తెలుగు కుర్రాడికంటే ఒడియా కుర్రాడే చుట్టరికం కలుపుకోవాలి. పెద్దవాడికి ఈ సంగతి మెల్లగా చెప్పండి, అక్కడ చలికి తోడు ఈ బాధ కూడా ఎందుకు.

ఇక చిన్నవాడి సంగతి. ‘భాస’ సంస్కృతం నుంచి వాళ్లు అరువు తెచ్చుకున్న మాట, మనలాగే. ఒకే షావుకారు దగ్గర అప్పు చేసినంత మాత్రాన ఇద్దరూ బంధువులైపోరు. ‘ధువా’ది ఇంకో రకం మోసం. చూడ్డానికి ఒడియా ‘దుయి’లా ఉంటుంది కానీ ఆ పోలిక కాకతాళీయం. మదురీస్ ఆస్ట్రోనేషియన్ కుటుంబంలోది. ఆ కుటుంబం ఎంత దూరం పాకిందో చూడాలంటే అయిదు దగ్గర చూడండి. మదురాలో ‘లెమా’, మలయ్‌లో ‘లిమా’, పసిఫిక్ మధ్యలో హవాయిలోనూ ‘లిమా’, ఆఫ్రికా పక్కన మడగాస్కర్‌లో ‘దిమి’.

మీ జిల్లాలో ఇంకో తికమక కూడా ఉంది. సవర భాషను ఆస్ట్రోఏషియాటిక్ అంటారు. గిడుగు రామమూర్తి పంతులుగారు మీ పర్లాకిమిడిలోనే ఉద్యోగం చేస్తూ ఆ భాష నేర్చుకుని దానికి వ్యాకరణం, నిఘంటువు రాశారు. ఆస్ట్రోఏషియాటిక్ వేరు, ఆస్ట్రోనేషియన్ వేరు. రెండూ ఒకటేనని ఊహించినవాళ్లున్నారు కానీ ఇంతవరకూ రుజువు కాలేదు. నేను గుణుపురంలో పాఠాలు చెప్పేటప్పుడు ఒకే బెంచీ మీద తెలుగు, ఒడియా, సవర పిల్లలు కూర్చునేవారు. అంటే మూడు భాషా కుటుంబాలన్నమాట. మదురా పిల్లవాడు వస్తే నాలుగోది అయ్యేది.

చుట్టరికం లేకపోయినా అలవాట్లు కలుస్తాయి, నాకు సరదా అనిపించేది అక్కడే. ఎవరో చెప్పగా విన్న సంగతికి మనం ‘ట’ తగిలిస్తాం: ఆయనకు జబ్బట. ఈ పనికి లాత్వియన్‌లో క్రియకే ఒక ప్రత్యేక రూపం ఉంది. ‘విన్ష్ ఎసుఓత్ స్లిమ్స్’ అంటే సరిగ్గా ‘ఆయనకు జబ్బట’. నా మీద పూచీ లేదు సుమా, విన్నది చెబుతున్నాను అని. మదురీస్‌లో మనకు నచ్చేది మర్యాద. ఎదుటివాడి వయసును, హోదాను బట్టి మూడు అంతస్తుల మాటలున్నాయి. మనం తిను, తినండి అని చివర మార్చి ఊరుకుంటాం, వాళ్లు మాటనే మార్చేస్తారు. తోటివాడితో తినడం ‘ఙకన్’, పెద్దవారి విషయంలో ‘అధాఆర్’. ఆ అంతస్తుల పేర్లు కూడా ‘ఔను, కాదు’ అనే మాటల మీదే పెట్టారు. ఎవరితో ఔననడం ఎలాగో తెలిస్తే సగం భాష వచ్చినట్టే.

కష్టం అంటారా, పెద్దవాడికే ఎక్కువ. నామవాచకాలకు రెండు లింగాలు, ఏడు విభక్తులు. మనుషుల పేర్లకూ ఆ తోకలు తప్పవు: షేక్స్‌పియర్ అక్కడ ‘షెక్స్‌పీర్స్’. అయితే హ్రస్వం, దీర్ఘం తేడా తెలుగువాడి చెవికి కొత్త కాదు. ‘కాజస్’ అంటే పెళ్లి, ‘కజస్’ అంటే మేకలు. దీర్ఘం మింగేస్తే నవ్వులపాలు. మదురీస్‌లో లింగాలు, విభక్తులు లేవు. బహువచనానికి మాట చివరి ముక్కను తెచ్చి ముందు పెడతారు: ‘ఒరెంగ్’ మనిషి, ‘రెంగ్ ఒరెంగ్’ మనుషులు. త, ట తేడా కూడా ఉంది కాబట్టి మీవాడి నాలుక బేగినే తిరుగుతుంది. రాతలో ‘భ’ ఉన్నచోట మాత్రం మన భ పలక్కూడదు, ఒత్తి పలికిన ‘ప’లా వినిపించాలి.

ఒక్కమాట. లాత్వియన్ మాట్లాడేవాళ్లు ఇరవై లక్షల లోపే అయినా అది ఒక దేశపు అధికార భాష, 2004 నుంచి యూరోపియన్ యూనియన్‌లోనూ అధికార భాష. మదురీస్ వాళ్లు 70 లక్షల పైమాటే, కానీ ఆఫీసులో, బడిలో ఇండోనేషియనే ముందుంటుంది. 1936లో ఒడిశాలో కలిసిన ఊరివాళ్లకు, ఇంట్లో తెలుగు, ఆఫీసులో ఒడియా నడిపేవాళ్లకు ఇది విడమరచి చెప్పక్కర్లేదు. చిన్నవాణ్ణి ముందు ఇండోనేషియన్ పట్టమనండి, పని గడుస్తుంది. మదురీస్‌లో మాత్రం పెద్దవాళ్లతో వాడే అంతస్తే మొదట నేర్చుకోమనండి. తోటివాళ్ల మాటలు యార్డులో వాటంతటవే వచ్చేస్తాయి.