సాకర్ అంటే కొందరు అమెరికన్లకు ఎందుకు గిట్టదు?

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

ప్రశ్న: మా అమ్మాయి కుటుంబం డల్లాస్ దగ్గర ఉంటుంది. మనవడు శని, ఆదివారాల్లో సాకర్ (మనం ఫుట్‌బాల్ అనే ఆట) ఆడతాడు. ఆ మైదానాలు పిల్లలతో కిటకిటలాడుతుంటాయని మా అల్లుడు చెబుతాడు. తన ఆఫీసులో సాకర్ పేరెత్తితే మాత్రం కొందరు ‘అదీ ఒక ఆటేనా’ అని వెక్కిరిస్తారని కూడా ఆయనే చెబుతాడు. లోకమంతా నెత్తిన పెట్టుకున్న ఆట అంటే వాళ్లకు అంత చులకన ఎందుకు?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: మీ అల్లుడుగారు చెప్పిన రెండు మాటలూ నిజమే. అయితే ఈ చులకన అమెరికన్లందరిదీ కాదు. 2017 డిసెంబరులో గ్యాలప్ సంస్థ జరిపిన సర్వేలో, చూడడానికి ఏ ఆట అంటే ఎక్కువ ఇష్టమని అడిగితే 37 శాతం మంది అమెరికన్ ఫుట్‌బాల్ (బంతిని చేతబట్టుకుని పరుగెత్తే ఆట, అక్కడ ‘ఫుట్‌బాల్’ అంటే ఇదే) అన్నారు, 11 శాతం బాస్కెట్‌బాల్, 9 శాతం బేస్‌బాల్, 7 శాతం సాకర్ అన్నారు. తరతరాలుగా జాతీయ క్రీడ అనిపించుకున్న బేస్‌బాల్‌కు సాకర్ అంత దగ్గరగా వచ్చిందన్నమాట. అయినా వెక్కిరింత ఆగలేదు. దాని వెనుక ఉన్న కారణాల్లో ఆటను చూసి విసుగెత్తడం వల్ల కలిగినవి కొన్ని, ఆటను చూడకుండానే పుట్టినవి కొన్ని. ఈ రెండింటినీ కలిపి మాట్లాడడం వల్లనే వాదన ఎప్పుడూ తెగదు.

విసుగెత్తినవాళ్ల మొదటి ఫిర్యాదు గోల్స్ కరువు. అమెరికన్ ఫుట్‌బాల్‌లో ఒక టచ్‌డౌన్‌కే, అంటే బంతిని ప్రత్యర్థి గీత దాటిస్తేనే, ఆరు పాయింట్లు వస్తాయి. బాస్కెట్‌బాల్‌లో ఒక్కో జట్టు వంద పాయింట్లు దాటడం మామూలు. ఆ లెక్కలకు అలవాటుపడిన కంటికి, తొంభై నిమిషాలు ఆడి ఒక్క గోల్‌తోనో అది కూడా లేకుండానో ముగిసే ఆట వెలితిగా కనిపించడంలో వింత లేదు. టీ20 మరిగిన కుర్రవాడిని ఐదు రోజుల టెస్టు ముందు కూర్చోబెట్టినా అంతే. దానికి తోడు 1994లో ప్రపంచ కప్ అమెరికాలోనే జరిగినప్పుడు, కాలిఫోర్నియాలోని రోజ్ బౌల్ మైదానంలో బ్రెజిల్, ఇటలీ తలపడిన ఫైనల్‌లో అదనపు సమయంతో కలిపి 120 నిమిషాలు ఆడినా గోల్ పడలేదు. ప్రపంచ కప్ ఫైనల్‌లో అలా జరగడం అదే మొదటిసారి. చివరికి పెనాల్టీ కిక్‌లలో ఇటలీ ఆటగాడు రాబర్టో బాజియో కొట్టిన బంతి గోల్‌పోస్టు మీదుగా ఎగిరిపోవడంతో బ్రెజిల్ 3–2 తేడాతో గెలిచింది. ఆ టోర్నీ మొత్తం మీద మైదానాలకు వచ్చిన ప్రేక్షకులు 35 లక్షలు దాటినా, వెక్కిరించేవాళ్లు మాత్రం ఆ ఒక్క మ్యాచ్‌నే పట్టుకున్నారు.

డ్రా అన్నది మరో తలనొప్పి. బేస్‌బాల్‌లో స్కోరు సమమైతే తేలేదాకా ఇన్నింగ్స్ పొడిగిస్తారు. బాస్కెట్‌బాల్‌లో డ్రా అన్న మాటే లేదు. టికెట్టు కొనుక్కుని వెళ్లి, ఎవరు గెలిచారో తేలకుండా ఇంటికి రావడం వాళ్లకు మింగుడుపడదు. మన దేశంలో ఈ పట్టింపు తక్కువ. 1977 సెప్టెంబరులో పెలే తన న్యూయార్క్ కాస్మోస్ జట్టుతో కలకత్తా వచ్చి ఈడెన్ గార్డెన్స్‌లో మోహన్ బగాన్‌తో ఆడిన మ్యాచ్ 2–2తో డ్రా అయితే, బగాన్ అభిమానులు ఆ డ్రాను గెలుపుతో సమానంగానే చెప్పుకున్నారు. ఇక దెబ్బ తగలకపోయినా తగిలినట్టు నేలమీద పొర్లే ఆటగాళ్ల విషయానికి వస్తే, ఆ ఫిర్యాదులో అతిశయోక్తి ఏమీ లేదని ఒప్పుకోక తప్పదు. నొప్పిని దిగమింగి ఆడడమే మగతనమని నూరిపోసే అమెరికన్ ఫుట్‌బాల్ వాతావరణంలో పెరిగినవాళ్లకు అది చూస్తే ఒళ్లు మండుతుంది.

వీటన్నిటికంటే పెద్ద అడ్డంకి టీవీ. నలభై ఐదు నిమిషాలు ఆగకుండా సాగే ఆటలో వాణిజ్య ప్రకటనలకు చోటు ఎక్కడ? అమెరికాలో పెద్ద ఆటలన్నీ టైమ్ అవుట్‌లతో, ఇన్నింగ్స్ విరామాలతో టీవీకి అతికినట్టు సరిపోయాయి, సాకర్ సరిపోలేదు. 1967లో సీబీఎస్ చానల్ ఒక వృత్తి సాకర్ లీగ్ మ్యాచ్‌లను ప్రసారం చేసినప్పుడు, తాను ఇచ్చిన ఫౌళ్లలో కొన్ని ప్రకటనలకు వీలు కల్పించడానికే ఇచ్చానని ఒక రిఫరీ ఒప్పుకున్నాడు. ఆటను అమ్మలేని చానల్ ఆటను చూపదు, చూపని ఆటలోని మెలకువలు ప్రేక్షకుడికి తెలియవు, తెలియని ఆట విసుగు పుట్టిస్తుంది. ఈ వలయం దశాబ్దాల పాటు తిరిగింది.

ఇక రెండో రకం కారణానికి వస్తే, ‘ఇది మన ఆట కాదు’ అన్నదే దాని సారాంశం. ఒకప్పుడు అమెరికన్ ఫుట్‌బాల్‌లో క్వార్టర్‌బ్యాక్‌గా (జట్టు దాడిని నడిపించే ఆటగాడిగా) ఆడిన కాంగ్రెస్ సభ్యుడు జాక్ కెంప్, ప్రపంచ కప్‌ను అమెరికాకు రప్పించే ప్రయత్నంపై 1986లో ప్రతినిధుల సభలో చర్చ వచ్చినప్పుడు, అమెరికన్ ఫుట్‌బాల్ ప్రజాస్వామ్యానికీ పెట్టుబడిదారీ విధానానికీ చెందినదనీ, సాకర్ ఐరోపా సోషలిస్టు ఆట అనీ అన్నారు. అందులో హాస్యం పాలు ఉందని తరువాత ఆయనే సర్దిచెప్పుకున్నారు. 2014లో వ్యాఖ్యాత ఆన్ కోల్టర్ మాత్రం సాకర్ మీద ఆసక్తి పెరగడం దేశ నైతిక పతనానికి సంకేతమని రాస్తూ, ముత్తాత కాలం నుంచీ అమెరికాలో పుట్టి పెరిగిన కుటుంబాలవాళ్లు ఎవరూ ఆ ఆట చూడడం లేదని కూడా జోడించారు. ఈ మాటలో కోపం ఆట మీద కన్నా దాన్ని చూసేవాళ్ల మీదే ఎక్కువని వేరే చెప్పనక్కరలేదు.

చరిత్ర ఈ వాదనకు ఏమాత్రం అనుకూలంగా లేదు. అమెరికన్ కాలేజీ ఫుట్‌బాల్‌కు తొలి మ్యాచ్‌గా చెప్పే 1869 నవంబరు 6 నాటి రట్గర్స్, ప్రిన్స్‌టన్ పోటీలో బంతిని చేతబట్టుకుని పరుగెత్తడం నిషిద్ధం. ఆనాటి నియమాలు సాకర్‌కే దగ్గర. తరువాత హార్వర్డ్ రగ్బీ పద్ధతివైపు మొగ్గడంతో, 1870లలో మిగిలిన కాలేజీలు ఆ దారి పట్టాయి. 1920లలో మసాచుసెట్స్‌లోని ఫాల్ రివర్ నేత మిల్లుల దగ్గర, పెన్సిల్వేనియాలోని బెత్లెహెమ్ ఉక్కు కర్మాగారం దగ్గర బలమైన సాకర్ జట్లు ఉండేవి. అమెరికా సాకర్ సమాఖ్యతో గొడవలు, ఆ వెంటనే వచ్చిన ఆర్థిక మాంద్యం కలిసి ఆనాటి లీగ్‌ను ముంచాయి. అప్పటికే వేసవి బేస్‌బాల్‌దీ, శరదృతువు ఫుట్‌బాల్‌దీ అయిపోయాయి. వలస వచ్చినవాళ్ల పిల్లలు ‘మేమూ అమెరికన్లమే’ అనిపించుకోవడానికి తండ్రుల ఆటను వదిలి ఆ ఆటల్లోకే వెళ్లారు. కనుక సాకర్ ఆ దేశానికి కొత్తగా వచ్చిన ఆట కాదు. ఒకసారి వచ్చి చోటు పోగొట్టుకున్న ఆట.

ప్రశ్న: నేను న్యూజెర్సీలో ఉంటున్నాను. ఈ వాదనలో నేనూ చాలాసార్లు చిక్కుకున్నాను. అమెరికాలోని సాకర్ అభిమానులు ఈ విమర్శలకు ఏమని జవాబు చెబుతారు? ఆ జవాబుల్లో నిలిచేవి ఏవి?
– ఒక పాఠకుడు, న్యూజెర్సీ

జవాబు: వాళ్ల చేతిలో ఎప్పుడూ సిద్ధంగా ఉండే అస్త్రం గడియారం. మూడు గంటలు సాగే అమెరికన్ ఫుట్‌బాల్ మ్యాచ్‌లో బంతి నిజంగా ఆటలో ఉండేది సుమారు 11 నిమిషాలేనని వాల్ స్ట్రీట్ జర్నల్ 2010లో లెక్కగట్టింది. మిగిలినదంతా ఆటగాళ్లు గుమిగూడి వ్యూహం పన్నుకోవడం, రీప్లేలు, ప్రకటనలు. అలాంటిది, దాదాపు రెండు గంటల్లో అన్నీ ముగించుకుని ఇంటికి పంపే ఆట మందకొడిదా అని అభిమానులు అడుగుతారు. స్కోరు గురించి కూడా వాళ్ల దగ్గర చిన్న లెక్క ఉంది: ఫుట్‌బాల్‌లో 21–14 అంటే ఒక్కో పాయింటు ఇచ్చే అదనపు కిక్‌లతో కలిపి మూడు టచ్‌డౌన్‌లకు రెండు టచ్‌డౌన్‌లు, అంటే సాకర్‌లో 3–2. అయితే ఈ లెక్క ఎదుటివాడి నోరు మూయించడానికి పనికివస్తుంది గానీ, 0–0 మ్యాచ్ చూసి ఆవలించినవాడి ఆవలింతను ఆపలేదు. దానికంటే గట్టి జవాబు బేస్‌బాల్ నుంచే దొరుకుతుంది. ఇద్దరు గొప్ప పిచర్లు పోటాపోటీగా బంతులేసి 1–0తో ముగిసిన మ్యాచ్‌ను బేస్‌బాల్ అభిమానులు కళ్లకద్దుకుని చెప్పుకుంటారు. ఆ మెచ్చుకోలు సాకర్ స్కోరు దగ్గరికి వచ్చేసరికి ఎక్కడికి పోతుంది?

గోల్స్ తక్కువ కావడంలో ఒక లాభం ఉందని కూడా వాళ్లంటారు, అది నిజం. స్కోరు తక్కువ పడే ఆటలో బలహీనుడికి ఆశ ఎక్కువ. 1950 ప్రపంచ కప్‌లో జూన్ 29న బ్రెజిల్‌లోని బెలో హొరిజాంటేలో అమెరికా జట్టు ఇంగ్లండ్‌ను 1–0తో ఓడించింది. గోల్ కొట్టిన జో గాయ్‌ట్జెన్స్ హైతీలో పుట్టి, న్యూయార్క్‌లో చదువుకుంటూ హోటల్లో గిన్నెలు కడిగినవాడు. గోల్‌కీపర్ ఫ్రాంక్ బోర్గీ సెయింట్ లూయిస్‌లో శవవాహనం నడిపేవాడు. బాస్కెట్‌బాల్‌లో అలాంటి జట్టు అలాంటి ప్రత్యర్థి మీద గెలవడం ఊహకు అందదు.

‘సోషలిస్టు ఆట’ అన్న విమర్శకు అభిమానులు ఇచ్చే సమాధానం వినడానికి సరదాగా ఉంటుంది, అందులో పసా ఉంది. అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్‌లో టీవీ ఆదాయాన్ని జట్లన్నీ సమానంగా పంచుకుంటాయి, జీతాలకు పరిమితి ఉంటుంది, ఆఖరున నిలిచిన జట్టుకు మరుసటి ఏడాది కొత్త ఆటగాళ్లను ఎంచుకోవడంలో మొదటి అవకాశం దక్కుతుంది. ఇంగ్లండ్ ప్రీమియర్ లీగ్‌లో ఆఖరున నిలిచిన మూడు జట్లను నిర్దాక్షిణ్యంగా కింది శ్రేణికి తోసేస్తారు. ఈ రెండింటిలో ఏది ఏ విధానానికి దగ్గరో మీతో వాదించేవాళ్లనే తేల్చమనండి.

పొర్లుడు విషయంలో మాత్రం అభిమానుల జవాబులు బలహీనం. బాస్కెట్‌బాల్‌లోనూ ఈ నటన ఉందనీ, అక్కడి బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏ 2012లో దానికి జరిమానాలు పెట్టవలసి వచ్చిందనీ చూపించడం తప్పును పంచడమే గానీ దిద్దడం కాదు. ఇంతకంటే మేలైన జవాబు అమెరికా లీగ్ అయిన మేజర్ లీగ్ సాకర్ నుంచే వచ్చింది. 2024 నుంచి అక్కడ నేలమీద పడిన ఆటగాడు 15 సెకన్లకు పైగా లేవకపోయి, వైద్య సిబ్బంది మైదానంలోకి రావలసి వస్తే, కొన్ని మినహాయింపులు తప్ప, అతడు బయటికి వెళ్లి రెండు నిమిషాలు అక్కడే ఉండాలి. దొంగనొప్పికి ఇంతకు మించిన మందు లేదు.

ఇదే లీగ్ మొదట్లో విమర్శకులను మెప్పించాలని చేసిన పనులు మాత్రం బెడిసికొట్టాయి. 1994 ప్రపంచ కప్ ఆతిథ్యం కోసం ఇచ్చిన హామీ మేరకు 1996లో 10 జట్లతో మొదలైనప్పుడు, అందులో మ్యాచ్ గడియారం సున్నా వైపు వెనక్కి నడిచేది. డ్రా అన్నదే ఉండేది కాదు. స్కోరు సమమైతే ఆటగాడు గోల్‌కు 35 గజాల దూరం నుంచి బంతితో పరుగెత్తుకొచ్చి ఐదు సెకన్లలో గోల్ కొట్టాలి. ఆట గిట్టనివాళ్లు దానికోసం రాలేదు, ఇష్టమున్నవాళ్లు తలలు పట్టుకున్నారు. 2000 నాటికి వాటిని తీసేశారు. నచ్చనివాళ్ల కోసం ఆటను మార్చడంకంటే, నచ్చినవాళ్లకు చోటు చూపించడమే ఆ లీగ్‌కు కలిసివచ్చిందని నా అభిప్రాయం.

ఆ చోటు ఎలా ఉంటుందో చూడాలంటే పోర్ట్‌లాండ్ వెళ్లాలి. కలప వ్యాపారంతో పెరిగిన ఆ నగరపు జట్టు టింబర్స్ గోల్ కొట్టిన ప్రతిసారీ, గ్యాలరీ ముందు పెట్టిన పెద్ద దుంగ నుంచి ఒక మనిషి యంత్ర రంపంతో గుండ్రటి ముక్క కోస్తాడు. ఆ ముక్కను మ్యాచ్ అయ్యాక గోల్ కొట్టిన ఆటగాడికి బహూకరిస్తారు. ఐరోపా నుంచి అరువు తెచ్చుకున్నది కాదు ఇది, ఆ ఊరిదే. అట్లాంటాలో 2018 లీగ్ ఫైనల్‌కు 73,019 మంది వచ్చారు. ‘సాకర్ అమెరికా భవిష్యత్తు ఆట, ఎప్పటికీ భవిష్యత్తు ఆటే’ అన్న పాత ఛలోక్తికి వాదనకంటే ఆ గ్యాలరీయే సరైన జవాబు. ఒక్క సలహా: ‘నీకు ఆట అర్థం కాదు’ అని మాత్రం అనకండి. విసుగెత్తినవాడిని విరోధిగా మార్చేది ఆ మాటే.

ప్రశ్న: అమెరికా మహిళల జట్టు అన్నిసార్లు ప్రపంచ కప్ గెలిచింది కదా, అయినా ఈ వెక్కిరింత ఎందుకు పోలేదు?
– ఒక పాఠకురాలు, వరంగల్

జవాబు: మహిళల జట్టు 1991, 1999, 2015, 2019 సంవత్సరాల్లో ప్రపంచ కప్ గెలిచింది. 1999 ఫైనల్‌ను అదే రోజ్ బౌల్‌లో 90,185 మంది చూశారు. విద్యాసంస్థల్లో స్త్రీ, పురుష వివక్షను నిషేధించిన 1972 నాటి చట్టం వల్ల కాలేజీలు అమ్మాయిల ఆటలకూ డబ్బు కేటాయించవలసి రావడం ఈ విజయాలకు పునాది. విచిత్రమేమంటే, కొందరు ఆ విజయాన్ని కూడా వెక్కిరింతకే వాడుకున్నారు: సాకర్ అంటే ఆడపిల్లలూ చిన్నపిల్లలూ ఆడుకునేదని చప్పరించేశారు. ఆటగాళ్లు మాత్రం అలా అనుకోలేదు. 2022లో కుదిరిన ఒప్పందం ప్రకారం ప్రపంచ కప్ బహుమతి సొమ్మును పురుషుల, మహిళల జట్లు సమానంగా పంచుకుంటాయి. 2019లో కప్ గెలిచినందుకు మహిళల జట్టుకు ఫిఫా ఇచ్చింది 40 లక్షల డాలర్లు. 2022లో పదహారు జట్ల దశలోనే ఇంటిదారి పట్టిన పురుషుల జట్టుకు ఇచ్చింది కోటీ 30 లక్షల డాలర్లు. ఆ కోటీ 30 లక్షల్లో సమాఖ్య వాటా పోగా మిగిలినదానిలో సగం మహిళలకు అందింది.