ట్యాప్ కాయిల్‌లో వాడని చుట్లను షార్ట్ చేయాలా, అలాగే వదిలేయాలా?

హామ్ రేడియోకి రెండున్నర మీటర్ల విప్ (నిలువు కడ్డీ యాంటెన్నా) పెట్టి, దాని అడుగున ట్యాప్ కాయిల్‌తో (మధ్యలో కావలసిన చుట్టు దగ్గర కలుపుకునే కాయిల్) 80, 40 మీటర్ల బ్యాండ్లలో వాడుతున్నానన్నారు. 40కి మార్చినప్పుడు మిగిలే చుట్లను షార్ట్ చేస్తే (వాటి రెండు చివరలూ తీగతో కలిపేస్తే) పవర్ పోతుందా అని మీ ప్రశ్న. పోతుందండీ. కానీ వదిలేసినా పోవచ్చు.

షార్ట్ చేసిన చుట్లలో పక్క చుట్ల వల్ల కరెంటు పుట్టి తిరుగుతుంది, అది వేడిగా పోతుంది. వదిలేస్తే ఖాళీ చివర వందల వోల్టులు లేస్తాయి. ఆ ముక్క సొంత రెజొనెన్స్ (అది సహజంగా స్పందించే ఫ్రీక్వెన్సీ) 40 మీటర్ల బ్యాండ్ ఉండే 7 మెగాహెర్ట్జ్ దగ్గరికొస్తే పవర్‌ని అదే మింగుతుంది.

నాదీ ఇలాంటి బాల్కనీ విప్పే. రెండు పద్ధతులకూ రెసిస్టెన్స్‌లో తేడా ఒక ఓము దాటలేదు. గ్రిల్ పక్కనే ఉంది కాబట్టి ఆ వోల్టేజీ వద్దని నేను షార్ట్ చేసే వాడుతున్నా. ఒకటి గమనించండి: షార్ట్ చేయగానే ఇండక్టెన్స్ తగ్గి రెజొనెన్స్ పైకి జరుగుతుంది. ట్యాప్ ఒకటి రెండు చుట్లు మార్చి, మళ్లీ ట్యూన్ చేశాకే పోల్చాలి.

పోల్చేటప్పుడు ఎస్‌డబ్ల్యూఆర్‌ని (పవర్ యాంటెన్నా నుంచి ఎంత వెనక్కొస్తోందో చెప్పే అంకె, తక్కువుంటే మంచిదనుకుంటాం) మాత్రం నమ్మొద్దు. 40లో మీ విప్ రేడియేషన్ రెసిస్టెన్స్ (పవర్‌ని గాల్లోకి పంపే వాటా) సుమారు 1.4 ఓములు. కాయిల్ రియాక్టెన్స్ (ఏసీకి అది చూపే అడ్డు) 700 ఓములు, క్యూ (కాయిల్ నాణ్యత, ఎక్కువుంటే నష్టం తక్కువ) 200 అనుకుంటే కాయిల్ నష్టం 3.5 ఓములు. గ్రౌండ్ నష్టం 10 వేసుకోండి. 100 వాట్లలో కాయిల్ తినేది 23, గాల్లోకి వెళ్లేది 9. క్యూ 100కి పడితే కాయిల్ 38 వాట్లు తింటుంది, కానీ ఎస్‌డబ్ల్యూఆర్ 3.4 నుంచి 2.7కి దిగుతుంది! మీటర్ చూసి సంతోషపడతాం. అందుకే మ్యాచింగ్ సర్క్యూట్ తీసేసి, నానోవీఎన్‌ఏతో (యాంటెన్నాని కొలిచే చిన్న పరికరం) రెజొనెన్స్ దగ్గర రెసిస్టెన్స్ చూడండి. ఏ పద్ధతిలో తక్కువ వస్తే అదే మంచిది.

అసలు ప్రమాదం క్రోకడైల్ క్లిప్‌తో. దాని దవడ పక్క చుట్టుకి కూడా తగిలిందంటే ఒక్క చుట్టే షార్ట్ అవుతుంది. కప్లింగ్ గట్టిగా ఉంటుంది కాబట్టి అక్కడ కరెంటు బాగా ఎక్కువ. క్యూ పడిపోతుంది, క్లిప్ కాలుతుంది, కింద పీవీసీ పైపు మెత్తబడుతుంది. ట్యాప్ పెట్టే చోట చిన్న రాగి ముక్క సోల్డర్ చేసి, క్లిప్ దానికే పెట్టండి.

వాహనంలో కాకుండా ఒకేచోట వాడేట్లయితే బ్యాండ్‌కో కాయిల్ చుట్టుకోవడమే మేలు. ఆ పనికి ముందు ఇంకో నాలుగు రేడియల్స్ (యాంటెన్నా అడుగు నుంచి గ్రౌండ్ కోసం పరిచే తీగలు) వేయండి. పై లెక్కలో పెద్ద దొంగ కాయిల్ కాదు, ఆ 10 ఓముల గ్రౌండ్ నష్టం.