మిలట్రీ ఇంటి కథ రాయబోయే అమ్మాయికి

అమ్మాయీ,

నీ కథ అందింది. తీరిగ్గా చదివాను. పగలంతా కౌన్సెలింగ్ గదిలో మాజీ సైనికుల కుటుంబాల మధ్య కూర్చుని వాళ్ళ మాటలు విని, రాత్రికి మళ్ళీ కాగితం ముందేసుకున్నావంటే నాకెంతో సంతోషంగా ఉంది. నేనూ చాలా ఏళ్ళు అలాంటి గదిలో కూర్చున్నదాన్నే, కథలు రాసినదాన్నే. అందుకని మొహమాటం లేకుండా రాస్తున్నాను.

నీ కథలో హవల్దారు గారు దీపావళి రాత్రి బాంబు చప్పుడు విని మంచం కిందకి దూరతాడు. భార్య ఏడుస్తుంది. అక్కడితో కథ అయిపోతుంది. అలా ఉలిక్కిపడేవాళ్ళు ఉంటారు, కాదనను. కానీ ఆ సంగతి చదివేవాళ్ళకి ముందే తెలుసు, సినిమాల్లో చూసేశారు. నువ్వు వారం వారం చూసేది వేరు. ఏటీఎం కార్డు ఎవరి దగ్గరుండాలి, పిల్ల ఫోను ఎన్నింటికి పక్కన పెట్టాలి, అమ్మకి మందులు ఎవరు తేవాలి. మీ గదిలోకి వచ్చే గొడవల్లో ఎక్కువ ఇలాంటివే. వీటిని నువ్వు చిన్న విషయాలనుకుని వదిలేశావు. నాకు మాత్రం కథంతా అక్కడే కనిపిస్తోంది.

నీకు చెప్పదలుచుకున్నది ఒక్కటే. దెబ్బ సైనికుడి బుర్రలో మాత్రమే ఉన్నట్టు రాయకు. అది ఇంట్లో మనుషుల మధ్య ఎక్కడ పడిందో వెతికి అక్కడ రాయి.

మన గోదావరి డెల్టాలో ఆ వెతుకులాటకి దూరం పోనక్కర్లేదు. తాడేపల్లిగూడెం పక్కనున్న మాధవరాన్ని మిలటరీ మాధవరం అనే పిలుస్తారు. మొదటి ప్రపంచ యుద్ధం నాటి నుంచి ఆ ఊరివాళ్ళు పటాలంలో చేరుతూనే ఉన్నారు. తాత, తండ్రి, కొడుకు వరసగా ఫౌజులో చేసిన ఇళ్ళున్నాయి. ఫ్యామిలీ థెరపీలో మూడు తరాల బొమ్మ గీస్తాం కదా, మగవాళ్ళకి చతురస్రం, ఆడవాళ్ళకి గుండ్రం. అలాంటి ఇంటి బొమ్మ గీసి చూడు. చతురస్రాల పక్కన రెజిమెంటు, ర్యాంకు, పోస్టింగులు టకటకా చెప్తారు. గుండ్రాల దగ్గరికొచ్చేసరికి అందరూ ఆగిపోతారు. నాయనమ్మ ఆ ఏళ్ళన్నీ ఏం చేసింది? ఒక్కతే పొలం ఎలా కౌలుకిచ్చింది? ఎవరి దగ్గర అప్పు తెచ్చింది? ఇంట్లో ఎవరికీ తెలీదు. రచయితకి దొరికే ఖాళీ అది.

సిపాయిగా చేరినవాడు పదిహేను, పదిహేడేళ్ళ సర్వీసు చేసి, నలభై దాటకుండానే పెన్షన్ మీద ఇంటికొచ్చేస్తాడు. అప్పటిదాకా ఆ ఇంటికి అతను తెలిసింది ఎక్కువగా సెలవుల్లోనే. ఏడాదికి రెండు నెలల యాన్యువల్ లీవు, కొన్నాళ్ళు క్యాజువల్ లీవు. కుటుంబాన్ని తెచ్చుకోనిచ్చే పీస్ స్టేషన్‌లో క్వార్టర్స్ దొరికితే కొన్నేళ్ళు కలిసుంటారు. సరిహద్దు వైపు ఫీల్డ్ ఏరియా అయితే భార్య అత్తారింట్లోనే. సెలవులో వచ్చినన్నాళ్ళూ కొత్తల్లుడికి జరిగినట్టు జరుగుతుంది. పులసల కాలమైతే పులస, లేకపోతే నాటుకోడి. పిల్లలు చదువుకోకపోయినా ఎవరూ ఏమీ అనరు. నాన్న మళ్ళీ వెళ్ళిపోతాడు కదా. పెన్షన్ వచ్చాక వెళ్ళడు. అదీ అసలు ఇబ్బంది. పోరాటాలు చూసినవాడికే కాదు, సర్వీసంతా స్టోర్సులోనో సిగ్నల్స్‌లోనో గడిపి యుద్ధంలో ఒక్క తూటా చప్పుడూ వినని మనిషికీ ఇది తప్పదు.

ఒకటి కల్పించి చూపిస్తాను. ఏ ఇంటిదీ కాదు.

నల్ల ట్రంకు పెట్టె. మూత మీద తెల్ల పెయింటుతో నంబరు, ర్యాంకు, పేరు. ఆయన రాగానే దాన్ని మంచం కిందకి తోశాడు. అందులో షూ పాలిష్ డబ్బా, బ్రష్షు, సూదీ దారం, డిశ్చార్జి కాయితాలు, చీకట్లో చెయ్యి పెట్టినా ఏది ఎక్కడుందో తెలుసు. తెల్లారకుండా లేచి, టీ పెట్టుకుందామని వంటింట్లోకి వెళ్ళాడు. పంచదార ఎక్కడుందో తెలీదు. ఒక డబ్బాలో ఇడ్లీ రవ్వ, ఇంకో దాంట్లో సెనగపప్పు. మూతల చప్పుడికి ఆవిడ లేచొచ్చింది. "నన్ను లేపొచ్చు కదండీ" అంది. "నా ఇంట్లో పంచదారకి నిన్ను లేపాలా?" అన్నాడు, గొంతు పెంచి. పక్కగదిలో ఇంటర్ చదివే కూతురు తలుపు గడియేసుకుంది. సాయంత్రానికి ఆయన డబ్బాలన్నిటికీ లేబుళ్ళు అంటించాడు. పెద్ద పెద్ద ఇంగ్లీషు అక్షరాలు, స్కేలు పెట్టి గీసిన గీతల మీద. చూసి ఆవిడ ఏమీ అనలేదు. వారం తిరక్కుండా ఒక్కో లేబులూ తడిగుడ్డ పెట్టి నానబెట్టి తీసేసింది.

గదిలోకొచ్చాక ఆయన "ఇంట్లో డిసిప్లిన్ లేదండి" అంటాడు. ఆవిడ "నా వంటింటిని స్టోర్ రూమ్ చేసేశారండి" అంటుంది. ఆయన సాయం చేశాననే అనుకుంటున్నాడు. పదిహేనేళ్ళు ఆ ఇల్లు నడిపిన తనకి డబ్బాలో ఏముందో చెప్పేవాళ్ళు కావాలా అని ఆవిడ బాధ. ఇద్దరి మాటా నిజమే. నీ కథలో ఇద్దరూ అలా నిలబడాలి. ఎవరి పక్షాన ఉండాలో నువ్వు ముందే తేల్చుకున్నావని చదివేవాళ్ళకి అనుమానం వస్తే, గదిలో కుటుంబం లేచి వెళ్ళిపోయినట్టే వాళ్ళూ లేచి వెళ్ళిపోతారు.

ఎవరు ఎక్కడ కూర్చున్నారో చూడు. ఆయన తలుపుకి ఎదురుగా, గోడకి వీపు ఆనించి. ఆవిడ కుర్చీ అంచున, ఒళ్ళో హ్యాండ్‌బ్యాగు. కూతురు ఇద్దరి మధ్యా. ఆ పిల్ల నెలల తరబడి మధ్యలోనే కూర్చుంటోంది, ఇంట్లో కూడా. మన పనిలో ఒక పద్ధతి ఉంది, నువ్వు నేర్చుకునే ఉంటావు. ఇద్దరి మధ్య సంగతి మూడో మనిషిని అడగడం. "నాన్నకి కోపమొచ్చినప్పుడు అమ్మ ఏం చేస్తుందమ్మా?" అని కూతుర్ని అడుగుతాం. పిల్ల చెప్తుంటే తల్లీతండ్రీ మొదటిసారి తమని తాము బయటినుంచి చూసుకుంటారు. కథలో కూడా అదే చెయ్యి. ఆయన బాధ ఆయన చేత చెప్పించకు. చెప్పే అలవాటు ఆయనకి లేదు, పటాలంలో ఎవరూ అడగలేదు కూడా. అత్తగారి చేత చెప్పించు. "వాడు చిన్నప్పుడు ఇలా లేడమ్మా, వాగుడుకాయ" అని ఆవిడ అంటే చాలు.

మన దేశంలో ఇంటివాళ్ళందర్నీ కలుపుకుని వైద్యం చెయ్యడం నిన్న మొన్నటి సంగతి కాదు. 1950ల్లో అమృత్‌సర్ మానసిక ఆసుపత్రిలో డాక్టర్ విద్యాసాగర్ రోగుల కుటుంబాలని ఆవరణలో డేరాలు వేయించి ఉంచారు. తమవాళ్ళు దగ్గరుండి చూసుకున్న రోగులు త్వరగా కోలుకున్నారు, ఇంటివాళ్ళకి భయం పోయింది. ఆ తర్వాత బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్‌లో కుటుంబ వైద్యానికి ప్రత్యేకంగా కేంద్రమే నడుస్తోంది. అమెరికాలో పాలిన్ బాస్ అనే ఆవిడ 1970ల్లో, వియత్నాం యుద్ధంలో ఆచూకీ లేకుండా పోయిన సైనికుల ఇళ్ళని పరిశీలించింది. మనిషి ఉన్నాడో లేడో తేలకపోతే ఆ ఇల్లు ఏడవనూ లేదు, ముందుకి సాగనూ లేదని చెప్పింది. మనిషి కళ్ళెదుటే ఉండి మనసు ఇంట్లో లేకపోయినా అదే బాధ అంది. మన ఇళ్ళల్లో ఆ రెండో రకం ఎక్కువ. వరండాలో పడక్కుర్చీలో ఉంటాడు, భోజనానికి పిలిస్తే వస్తాడు, అడిగినదానికి "ఊఁ" అంటాడు. "ఉన్నారు కదండీ, ఇంకేం కావాలి" అంటారు చుట్టాలు. ఆవిడ ఎవరితో చెప్పుకోవాలి?

పి.టి.ఎస్.డి., అంటే ఘోరమైనది చూసినవాళ్ళ మనసుకి ఆ తర్వాత వచ్చే జబ్బు, ఆ మాట నీ కథలో చాలా చోట్ల వాడావు. అమెరికా సైకియాట్రిస్టుల జబ్బుల పట్టికలోకి అది 1980లో వచ్చింది. జరిగింది కళ్ళముందు మళ్ళీ మళ్ళీ మెదలడం, దాన్ని గుర్తుచేసేవాటికి దూరంగా తిరగడం, ఎప్పుడూ కాపలా కాస్తున్నట్టు ఉండడం, మనసు మొద్దుబారడం, ఇవన్నీ నెల దాటి ఉండి బతుకుని దెబ్బతీస్తుంటే సైకియాట్రిస్టు చూసి తేలుస్తారు. ముభావంగా ఉన్న ప్రతి మాజీ సైనికుడికీ ఆ పేరు తగిలించకు. వచ్చి హాయిగా వ్యవసాయం చేసుకుంటున్నవాళ్ళు, బ్యాంకు దగ్గర గార్డుగా చేస్తున్నవాళ్ళు, పంచాయతీలో పనికొచ్చే మాట చెప్పేవాళ్ళు ఎంతమంది లేరు! మిలట్రీ నుంచి వచ్చాడంటే పిచ్చి ఉంటుందనే భయం ఊళ్ళో మన కథల వల్ల పుడితే, రేపు నిజంగా సాయం కావాల్సినవాడు మీ గుమ్మం తొక్కడానికి సిగ్గుపడతాడు.

ఇక మందు సంగతి. నీ కథలో భార్య క్యాంటీన్ రమ్ము సీసాలన్నీ కాలవలో పారబోస్తుంది, మర్నాటి నుంచి ఆయన మారిపోతాడు. దయచేసి ఇది తీసెయ్. రోజూ బాగా తాగే మనిషికి ఒక్కసారిగా ఆపేస్తే చేతులు వణకడం, మొదటి రెండు రోజుల్లో ఫిట్స్, ఆ తర్వాత లేనివి కనబడి కలవరించడం, ఒక్కోసారి ప్రాణం మీదకి రావడం జరుగుతాయి. డాక్టరు పర్యవేక్షణలోనే మాన్పించాలి. కథ చదివి ఎవరో ఒక ఇల్లాలు అదే పని చేస్తే? మాజీ సైనికులకి, వాళ్ళ భార్యలకి వైద్యం కోసం 2003 నుంచి ఈసీహెచ్ఎస్ పథకం ఉంది. ఆ పాలీక్లినిక్ దాకా ఆయన్ని ఎవరు తీసుకెళ్ళారు, దారిలో ఏం మాట్లాడుకున్నారు, కార్డు మర్చిపోయి వెనక్కొచ్చారా? అలా రాస్తే కథా బాగుంటుంది, చదివినవాళ్ళకి దారీ తెలుస్తుంది. చచ్చిపోవాలనిపించే మనిషిని రాసినా ఇంతే. ఎలా చేసుకున్నాడో వర్ణించకు. ఫోన్ చెయ్యడానికి ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ ఉంది, 14416, తెలుగులో మాట్లాడతారు. నీ పాత్ర ఆ నంబరు నొక్కొచ్చు.

దెబ్బలున్న ఇల్లయితే ఇంకా జాగ్రత్త. భార్యని కొడుతున్న మనిషి పక్కన ఆవిణ్ణి కూర్చోబెట్టి "నిజం చెప్పమ్మా" అంటే, ఆ నిజానికి ఇంటికెళ్ళాక ఆవిడ మూల్యం చెల్లిస్తుంది. ముందు ఆవిడతో విడిగా మాట్లాడాలి, ఆవిడ క్షేమం చూడాలి. మహిళల హెల్ప్‌లైన్ 181 ఉంది, 2005 నాటి గృహహింస చట్టం ఉంది. మన కథల్లో కౌన్సెలింగ్ అనగానే చివర్లో ఆవిడ సర్దుకుపోయి సంచీతో అత్తారింటికి తిరిగి వెళ్తుంది. ఆ ముగింపు నాకు ఎప్పుడూ మింగుడు పడలేదు. దేశం కోసం చేసిన మనిషి కదా అని ఇంట్లో హింసని మాఫీ చేసే హక్కు రచయితకి లేదు.

పేర్లు మార్చాను అని రాశావు. సరిపోదమ్మా. మన ఊళ్ళు నీకు తెలియనివా? వంతెన దిగగానే ఎడమచేతి పక్క పెంకుటిల్లు, సుబేదారు గారు, ఇద్దరు కూతుళ్ళు, పెద్దమ్మాయి పుట్టింట్లోనే ఉంటోంది. ఇంత చెప్తే ఇక పేరుతో పనేముంది? 2017 మానసిక ఆరోగ్య చట్టం చికిత్సలో ఉన్నవాళ్ళ గోప్యతని హక్కుగా చెప్పింది. చట్టం లేకపోయినా అది మన మీద నమ్మకంతో చెప్పిన మాట. "రాసుకోండి మేడమ్, పర్లేదు" అని వాళ్ళే అన్నా తీసుకోకు. నీ దగ్గర వైద్యం జరుగుతున్నన్నాళ్ళూ నీకు కాదని చెప్పడం వాళ్ళకి కష్టం. పైగా ఆయన ఒప్పుకుంటే భార్య ఒప్పుకున్నట్టా, పిల్ల ఒప్పుకున్నట్టా? జరిగిన సంగతిని వాళ్ళకే వదిలెయ్. అది ఎలా జరుగుతుందో ఆ తీరు నీకు అర్థమైంది కదా, అది నీ సొత్తు. లేబుళ్ళ కథని ఓడలో పనిచేసి వచ్చినవాడి ఇంట్లోనూ పెట్టొచ్చు, కువైట్‌లో ఏళ్ళ తరబడి పనిచేసి కోనసీమకి తిరిగొచ్చిన తల్లి ఇంట్లోనూ పెట్టొచ్చు. ఆవిడ వచ్చేసరికి వంటిల్లు కోడలిది అయిపోయి ఉంటుంది.

రిటైరైనప్పుడు చేతికొచ్చే మొత్తం గురించి కూడా ఎప్పుడైనా రాయి. గ్రాట్యుటీ, పెన్షన్‌లో కొంత వదులుకుని ఒకేసారి తీసుకునే కమ్యుటేషన్ డబ్బు బ్యాంకులో పడిందని తెలియగానే బావమరిది రొయ్యల చెరువు లీజు మాట ఎత్తుతాడు. రొయ్యలకి వైట్ స్పాట్ జబ్బు వచ్చి చెరువు పోతే రెండు కుటుంబాల మధ్య మాటలు పోతాయి.

ఇంకోటి, ఇది నువ్వే రాయాలి, మా తరానికి అందదు. 2022లో కుర్రాళ్ళని నాలుగేళ్ళకే సైన్యంలో చేర్చుకునే అగ్నిపథ్ పథకం వచ్చింది. నాలుగేళ్ళ తర్వాత నలుగురిలో ఒకరి దాకా ఉంచుకుంటారు. మిగతా కుర్రాళ్ళు సేవానిధి అని ఒకేసారి ఇచ్చే సుమారు 11.71 లక్షలతో, పెన్షన్ లేకుండా, పాతికేళ్ళకి అటూ ఇటూగా ఇంటికొస్తారు. మొదటి బ్యాచ్‌లకి నాలుగేళ్ళు నిండేది 2026 చివరి నుంచి. మీ గదిలోకి వీళ్ళతో వచ్చేది భార్యలు కాదు, తల్లిదండ్రులు. మిలట్రీ సంబంధమంటే పెన్షన్ ఉంటుందని లెక్కేసుకునే ఊళ్ళల్లో ఆ కుర్రాడి ముందు తండ్రి ఏం మాట్లాడతాడో, ఏం మాట్లాడకుండా చెరువు గట్టుకి వెళ్ళిపోతాడో నువ్వు దగ్గర్నుంచి చూస్తావు. వెంటనే రాయకు. కొంతకాలం విను. నోట్సులో వాళ్ళ మాటలు కాకుండా నీకు తట్టిన ప్రశ్నలు రాసిపెట్టుకో.

వారానికి ఒక్కరోజైనా ఆ ఇళ్ళ సంగతులు తలవకుండా గడుపు. మీ సీనియర్‌తో కేసుల గురించి మాట్లాడ్డం మానకు. బుర్రనిండా టెన్షన్‌తో రాసే రాత్రి పాత్రలన్నీ నీ గొంతుతోనే మాట్లాడతాయి.

ఇప్పుడు నీ కథ మళ్ళీ తీయి. బాంబు చప్పుడు కొట్టేసి, ఆ హవల్దారు ఇంట్లో పొద్దున్న నాలుగున్నర నుంచి ఏడు దాకా ఏం జరుగుతుందో రాయి. అత్తగారికి ఇందులో ఒక్క మాట కూడా ఇవ్వలేదు నువ్వు, ఆవిడకి ఒక పేజీ ఇవ్వు. అయ్యాక పంపు. సంక్రాంతికి అందరూ ఊళ్ళోకి వస్తారు, నాకు చదవడానికి తీరదు. ఈలోపే పంపితే మంచిది.

ఆశీస్సులతో,
మీ మేడమ్