ఏ పుటలో ఉందమ్మా?

ఈ నెల ఉత్తరాల్లో సగానికి పైగా పరిశోధక విద్యార్థులవే. థీసిస్ సబ్మిషన్ గడువు దగ్గర పడినట్టుంది, అక్షరాల్లోనే టెన్షన్ కనిపిస్తోంది. అందుకని ఈసారి వంటింటి తెలుగు, వ్యాకరణం ప్రశ్నలు పక్కన పెట్టి, రిఫరెన్సుల గొడవే తీసుకుంటున్నాను.

*ప్రశ్న: తెలుగు శాఖలో పీహెచ్‌డీ చేస్తున్నాను. 1930ల నాటి ఒక విమర్శ గ్రంథంలోని నాలుగు వాక్యాలు నాకు చాలా అవసరం. ఆ పుస్తకం దొరకలేదు. ఈమధ్య వచ్చిన ఒక వ్యాస సంపుటిలో మాత్రం ఆ వాక్యాలు పుట సంఖ్యతో సహా ఉన్నాయి. పాదసూచికలో నేరుగా పాత పుస్తకం పేరే ఇవ్వవచ్చా? మా సీనియర్లందరూ అలాగే ఇచ్చారు. – ఒక విద్యార్థిని, అనంతపురం*

మీ సీనియర్లే కాదమ్మా, నేనూ అలాగే ఇచ్చాను. 1986లో నా వైవా. యక్షగానాల మీద నా సిద్ధాంత వ్యాసం. మూడో అధ్యాయంలో ఒక పాత విమర్శకుడి మాటలు నాలుగు వాక్యాలు ఎత్తి రాసి, కింద ఆయన పుస్తకం పేరు, ‘పు. 112’ అని దర్జాగా వేశాను. ఆ పుస్తకాన్ని నేను కంటితో చూడలేదు. వేరే వాళ్ల వ్యాసంలోంచి దించుకున్నాను.

వైవాకి వచ్చిన ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ పెద్దాయన. చేతిసంచీలోంచి అట్ట ఊడిపోయి దారంతో కట్టిన పుస్తకం ఒకటి తీసి బల్ల మీద పెట్టారు. “మీరు చెప్పిన మాటలు చాలా బాగున్నాయి, ఏ పుటలో ఉందమ్మా?” అన్నారు. నూట పన్నెండు అన్నాను. పుస్తకం నా వైపు తిప్పి తీసి చూపించారు. 111తో అధ్యాయం అయిపోయింది. 112 తెల్లకాగితం. ఒక మూల చెదపురుగు కొరికిన బెజ్జం తప్ప ఆ పుటలో ఏమీ లేదు.

అసలు మాటలు 121లో ఉన్నాయి. నేను దించుకున్న వ్యాసంలో అంకెలు తారుమారయ్యాయి. అంతటితో పోతే అచ్చుతప్పు అనుకోవచ్చు. ఆ నాలుగు వాక్యాల తరవాత, మూలంలో ఐదో వాక్యం ఉంది: ‘అయితే ఇది అన్ని యక్షగానాలకు వర్తించదు’ అన్న అర్థంలో. వ్యాసకర్త దాన్ని వదిలేశాడు. నేనేమో ఆ నాలుగు వాక్యాల మీద ఒక అధ్యాయమే కట్టాను. పెద్దాయన కోప్పడలేదు. “కాళిదాసు కావ్యాలకు వ్యాఖ్య రాసిన మల్లినాథసూరి మన మెదక్ వైపు వాడే కదమ్మా. నామూలం లిఖ్యతే కించిత్ అన్నాడు. మూలంలో లేనిది రాయనన్నాడు. మూలం చూడకుండా రాస్తానని మాత్రం అనలేదు” అని నవ్వారు. డిగ్రీ వచ్చింది కానీ, ఆ అధ్యాయం మూడు నెలలు కూర్చుని తిరగరాశాను.

కాబట్టి మీరు చూసింది ఏదో అదే చెప్పండి. పాదసూచికలో పాత రచయిత పేరు, పుస్తకం పేరు ఇచ్చి, ‘ఫలానా సంపుటిలో, ఫలానా పుటలో ఉటంకించినది’ అని రాయండి. గ్రంథసూచిలోకి మీరు చదివిన సంపుటి మాత్రమే వెళ్తుంది, చూడని పుస్తకం వెళ్లదు. ఇలా రాస్తే చిన్నతనం అనిపిస్తుందని నాకు తెలుసు. ‘ఈ పిల్ల అసలు పుస్తకం చూడలేదట’ అని బయటపెట్టుకున్నట్టు ఉంటుంది. ఉండనివ్వండి.

అయినా, ఆ పుస్తకం దొరకలేదంటే ఎక్కడెక్కడ వెతికారో రాయలేదు. 1930ల పుస్తకమైతే ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో స్కాన్ ఉండే అవకాశం బాగా ఉంది. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా వాళ్లు స్కాన్ చేసిన తెలుగు పుస్తకాలు అక్కడ వేలల్లో ఉన్నాయి. పేరు ఇంగ్లిష్ అక్షరాల్లో రకరకాల స్పెల్లింగుల్లో ఉంటుంది, నాలుగైదు విధాలుగా కొట్టి చూడండి. లేకపోతే వేటపాలెం సారస్వత నికేతనం, రాజమండ్రి గౌతమీ గ్రంథాలయం, హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం, సుందరయ్య విజ్ఞాన కేంద్రం. ముందు ఫోన్ చేసి వెళ్లండి. స్కాన్ దొరికితే ఒక జాగ్రత్త: తెర మీద కనిపించే సంఖ్య, పుట మీద అచ్చయిన సంఖ్య ఒకటి కావు. ముందుమాటలు, అట్టలు అన్నీ కలిపి కంప్యూటరు లెక్కపెడుతుంది. మీరు వేయాల్సింది కాగితం మీద అచ్చయిన అంకె.

*ప్రశ్న: చరిత్రలో పీహెచ్‌డీ. థీసిస్‌ని కాపీ పట్టే సాఫ్ట్‌వేర్‌లో పెడితే 38 శాతం పోలిక వచ్చింది. 10 లోపు తెమ్మని గైడ్ గారు అన్నారు. మాటలు మార్చి ఇచ్చే ఆన్‌లైన్ టూల్ వాడమని స్నేహితులు చెబుతున్నారు. సబ్మిషన్‌కి నెల కూడా లేదు. – రాజమహేంద్రవరం*

ముందు భయం తగ్గించుకోండి. యూజీసీ 2018లో తెచ్చిన నిబంధనల ప్రకారం 10 శాతం వరకు శిక్ష ఏమీ లేదు. 10 దాటి 40 వరకు అయితే 6 నెలలకు మించని గడువిచ్చి, సవరించి తెమ్మంటారు. 40 దాటి 60 వరకు అయితే ఏడాది పాటు సవరించిన ప్రతి కూడా ఇవ్వడానికి వీల్లేదు. 60 దాటితే రిజిస్ట్రేషనే రద్దు. మీరింకా సమర్పించలేదు కాబట్టి, ఇప్పుడు చేతిలో ఉన్నది తప్పు దిద్దుకునే కాగితం మాత్రమే.

రిపోర్టు మొదటి పేజీలో ఉన్న శాతం చూసి కూర్చోకండి, లోపలికి వెళ్లి రంగు వేసిన వాక్యాలు ఒక్కొక్కటీ చూడండి. ఆధారం చెప్పి కొటేషన్లలో పెట్టినవి, గ్రంథసూచి, విషయసూచిక, ముందుమాట, కృతజ్ఞతలు ఆ లెక్కలోకి రావని అదే నిబంధనలు చెబుతున్నాయి. అందరికీ తెలిసిన మాటలు, యాదృచ్ఛికంగా కలిసినవి వరసగా 14 పదాల వరకు ఉంటే వాటినీ వదిలేయమన్నాయి. ఈ మినహాయింపులు పెట్టి రిపోర్టు తీశారో లేదో మీ లైబ్రరీలో అడగండి. అది తీసేశాక మిగిలేదే మీ అసలు అప్పు.

ఇక ఆ టూల్ సంగతి. మీరు పంపిన నమూనాలో ఒక వాక్యమే తీసుకుంటాను. మూలంలో ఇలా ఉంది: ‘1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన తరువాత గోదావరి డెల్టాలో వరి సాగు విస్తరించింది.’ టూల్ మీకిచ్చింది: ‘1852లో ధవళేశ్వరం బ్యారేజీ ముగిసిన పిమ్మట గోదావరి డెల్టా ప్రాంతంలో వరి వ్యవసాయం వ్యాప్తి చెందింది.’ బ్యారేజీ ‘ముగియడం’ ఏమిటో దానికే తెలియాలి. అది సరే, కాటన్ దొర కట్టించింది ఆనకట్ట. ఇప్పుడు మనం దాటి వెళ్లే బ్యారేజీ 20వ శతాబ్దంలో కట్టింది. రాజమండ్రిలో ఉండి, చరిత్రలో పీహెచ్‌డీ చేస్తూ ఆ వాక్యం కింద సంతకం పెడతారా? పైగా పదాలన్నీ మార్చినా ఆలోచన ఆ రచయితదే. దాని పక్కన ఆయన పేరు లేకపోతే సాఫ్ట్‌వేర్ పట్టుకోకపోయినా అది దొంగతనమే.

నేను చేసే పద్ధతి చెబుతాను. పేరా రెండుసార్లు చదివి, పుస్తకం మూసి, పక్కన మా చెల్లెలు కూర్చుందనుకుని ఆవిడకి చెబుతాను. మా చెల్లెలు బ్యాంకులో పనిచేసింది, యక్షగానం ఊసెత్తితే ఆవలిస్తుంది. ఆవిడకి అర్థమయ్యేలా ఏ మాటల్లో చెప్పానో అవే కాగితం మీద పెడతాను. తరవాత పుస్తకం తెరిచి వివరాలు సరిచూసుకుని, రచయిత పేరు, పుట వేస్తాను. మీ వాక్యమే ఇలా రావచ్చు: ‘డెల్టా రైతులు వరి ఎక్కువగా వేయడం ధవళేశ్వరం ఆనకట్ట (1852) కట్టాక మొదలైందని ఫలానా రచయిత అభిప్రాయం.’ ఇప్పుడు ఆ అభిప్రాయం ఎవరిదో తేలింది. దానితో మీరు ఏకీభవిస్తారో లేదో తరవాతి వాక్యంలో చెప్పే వీలూ దొరికింది. నెలలో 38 శాతాన్నీ ఇలా తిరగరాయగలరా అంటే కష్టమే. గడువు పొడిగించమని గైడ్ గారిని అడగండి. అడగడానికి మొహమాటపడి టూల్ దగ్గరికి పోకండి.

*ప్రశ్న: కన్యాశుల్కం నుంచి సంభాషణలు ఇస్తున్నాను. నా దగ్గరున్నది కొత్త ముద్రణ. ఏ సంవత్సరం వేయాలి? – ఎంఏ విద్యార్థి, విజయనగరం*

విజయనగరం నుంచి ఈ ప్రశ్న రావడం బాగుంది. గురజాడ ఆ నాటకాన్ని 1897లో అచ్చువేశారు, 1909లో బాగా పెంచి దాదాపు కొత్త నాటకంలా తిరగరాశారు. మనందరం చదివే మధురవాణి రెండో కూర్పులోని మధురవాణి. ఉత్తినే ‘కన్యాశుల్కం, 1897’ అని వేసి 1909 నాటి సంభాషణ ఇచ్చారనుకోండి, పన్నెండేళ్ల తరవాతి మాటని ముందే అనిపించినట్టు అవుతుంది. కూర్పు వేరు, ముద్రణ వేరు. రచయిత మార్చి రాస్తే కొత్త కూర్పు, ప్రెస్సువాళ్లు మళ్లీ వేస్తే కొత్త ముద్రణ. రెండూ ఇవ్వండి: రెండో కూర్పు 1909, మీ చేతిలోని ముద్రణ ఏ సంవత్సరానిదో అది, దాని ప్రచురణకర్త. పుట సంఖ్య మీ ప్రతిలోది. అంకం, రంగం కూడా వేస్తే వేరే ముద్రణ ఉన్నవాళ్లకి వెతుక్కోవడం సులువు. భారతం పద్యాలకు పర్వం, ఆశ్వాసం, పద్య సంఖ్య, భాగవతం పద్యాలకు స్కంధం, పద్య సంఖ్య ఇస్తాం కదా, అదే లెక్క.

*ప్రశ్న: డాలస్‌లో ఎంఎస్ చేస్తున్నాను, సంస్కృతి మీద ఒక కోర్సు పేపర్. ఏపీఏ (అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్) రిఫరెన్సుల పద్ధతిలో ఇంటిపేరు ముందు రావాలట. తెలుగు రచయితల పేర్లు పెడుతుంటే, రిఫరెన్సులు అమర్చి పెట్టే జొటేరో సాఫ్ట్‌వేర్ తారుమారు చేస్తోంది. – ఒక పాఠకుడు*

జొటేరోకి తెలుగువాళ్ల ఇంటిపేరు ముందుంటుందని తెలియదు బాబూ. చివరి మాటే ఇంటిపేరు అనుకుంటుంది. విశ్వనాథ సత్యనారాయణ గారిని ‘సత్యనారాయణ, వి.’ చేసేస్తుంది. ఆయన ఇంటిపేరు విశ్వనాథ. చేత్తో మార్చండి. శ్రీశ్రీ లాంటి కలం పేర్లకు ఇంటిపేరు గడి అక్కర్లేదు. పేరు పక్కనున్న చిన్న గుర్తు నొక్కితే రెండు గడులు ఒకటవుతాయి, అందులో ఉన్నదున్నట్టు రాయండి. ఇప్పటి రచయితలు ఇంగ్లిష్‌లో ఇంటిపేరు చివర పెట్టుకుంటున్నారు కాబట్టి ఒక్కొక్కరినీ విడిగా చూసుకోక తప్పదు. పుస్తకం పేరు రోమన్ లిపిలో రాసి, పక్కన చదరపు బ్రాకెట్లలో ఇంగ్లిష్ అర్థం ఇవ్వండి.

*ప్రశ్న: డిగ్రీ కాలేజీలో లెక్చరర్‌ని. ఒక విద్యార్థి ప్రాజెక్టులో 12 రిఫరెన్సులు చూడ్డానికి చక్కగా ఉన్నాయి, ఒక్కటీ దొరకడం లేదు. చాట్‌బాట్ ఇచ్చిందంటున్నాడు. – ఖమ్మం*

అవి లేవు కాబట్టే దొరకడం లేదు. ఆ యంత్రాలు వ్యాసం పేరు, రచయిత, సంపుటి, పుటలు అన్నీ నమ్మశక్యంగా అల్లేస్తాయి. 2023లో న్యూయార్క్ ఫెడరల్ కోర్టులో లాయర్లు ఇలాగే లేని కేసులు ఉదహరించి 5,000 డాలర్ల జరిమానా కట్టారు. కుర్రాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని, ఒక్కొక్క డీఓఐ (వ్యాసానికి ఇచ్చే శాశ్వత గుర్తింపు సంఖ్య) తీసుకెళ్లి డీఓఐ వాళ్ల సైటులో కొట్టించండి. పన్నెండు సార్లు ‘దొరకలేదు’ అని వాడే చదవాలి. మార్కులు తగ్గించడం తరవాత చూసుకోవచ్చు.

*ప్రశ్న: జానపద గేయాల మీద పనిచేస్తున్నాను. ఒక అవ్వ నాట్ల పాటలు నలభై దాకా పాడింది. థీసిస్‌లో ‘ఒక వృద్ధురాలు’ అని రాశాను. అది చాలునా? – నల్గొండ*

పుస్తకాలకు ఊరు, పేరు, సంవత్సరం వెతికి మరీ వేశారు కదా, అవ్వకెందుకు వేయలేదు? నలభై పాటలు పాడిన మనిషి ఆవిడ. పాటలు పుస్తకంలో వస్తాయని, తన పేరు వేస్తారని ఆవిడకి అర్థమయ్యేలా చెప్పి అడగండి. సరేనంటే పేరు, ఊరు, మండలం, వయసు, పాడిన తేదీ ఇవ్వండి. వద్దంటే వద్దు, అప్పుడు మీరు రాసిన ‘ఒక వృద్ధురాలు’ సరిపోతుంది. రికార్డింగు ఎవరి దగ్గర ఉందో కూడా రాయండి. థీసిస్ చివర సమాచారం ఇచ్చినవారి జాబితా అని విడిగా పెట్టండి. ఒక ప్రతి పట్టుకెళ్లి ఆ పుట ఆవిడకి చూపించండి. చదవడం రాకపోతే చదివి వినిపించండి. పాటలో మీరు తప్పు విన్న మాటలు అక్కడే దొరుకుతాయి.