బ్యాలెన్స్ బోర్డు ఎక్కించే ముందు

ప్రశ్న: మా అత్తమ్మకు 71 ఏళ్లు. ఈ ఏడాది రెండుసార్లు బాత్‌రూమ్ గడప దగ్గర పడ్డారు. ఎముకలు విరగలేదు. మా అబ్బాయి టీవీకి కలిపి, మీద నిలబడి ఆటలాడే బ్యాలెన్స్ బోర్డు తెచ్చాడు. ఆమెను దానిమీద నిలబెట్టవచ్చా?
– ఒక పాఠకురాలు, కావలి

జవాబు: ముందు నేలమీద చూడండి. వంటింటి గట్టు పక్కన నిలబెట్టి, ఒక కాలి బొటనవేలికి రెండో కాలి మడమ ఆనేలా పెట్టించండి. పట్టుకోకుండా 10 సెకన్లు నిలవలేకపోతే బోర్డు ఇప్పుడే వద్దు.

ఇలాంటి బోర్డుల మూలల్లో బరువు కొలిచే సెన్సర్లుంటాయి. బరువు ఎటు మొగ్గితే తెరమీద చుక్క అటు జరుగుతుంది. తెలియకుండానే ఒక కాలిమీద భారం వేసేవాళ్లకు ఆ సంగతి కళ్లకు కనిపించడమే మేలు. ప్రమాదమల్లా దిగేటప్పుడే: ఆటలో మునిగి వెనక్కి అడుగేస్తారు. బోర్డును గట్టుకో, కిటికీ ఊచలకో దగ్గరగా వేయండి. ప్లాస్టిక్ కుర్చీని ఆసరాగా పెట్టొద్దు, జారిపోతుంది. కాళ్లు తడి లేకుండా తుడిచి, చీర కుచ్చిళ్లు చీలమండ పైకి దోపించండి. మీరు పక్కనే, కాస్త వెనగ్గా ఉండాలి.

ఆటతోనే కాళ్లకు బలం రాదు. మంచం అంచున కూర్చుని, చేతులు ఆనించకుండా లేచి నిలబడి మళ్లీ కూర్చోవడం 8 సార్లు, గట్టు పట్టుకుని మడమలెత్తడం 10 సార్లు చేయించండి. అన్నీ కలిపి మెల్లగా వారానికి 3 గంటలకు తీసుకెళ్లండి.

లేవగానే కళ్లు తిరుగుతుంటే పడుకోబెట్టి ఒకసారి, నిలబెట్టి ఒకసారి బీపీ చూపించండి. పై అంకె 20 తగ్గితే మందుల చీటీతో డాక్టరును కలవండి. గడప పక్కన గోడకు స్టీలు కడ్డీ మాత్రం ఈ వారమే బిగించండి.