దత్తత తెచ్చుకున్న పిల్లిని మొదటిసారి గుమ్మం దాటించేది ఎప్పుడు, ఎలా?

మీరు రాసింది ఇది: బెంగళూరు హొరమావులో గ్రౌండ్ ఫ్లోర్ ఇల్లు, ముందు చిన్న కాంపౌండ్. ఏడాదిన్నర వయసున్న ఆడ పిల్లిని షెల్టర్ నుంచి తెచ్చి పది రోజులైంది. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయిపోయింది. పొద్దునా సాయంత్రం తలుపు దగ్గర కూర్చుని అరుస్తోంది. ఇంట్లో పెద్దవాళ్లు "పిల్లి ఎక్కడికి పోతుంది, వదిలేయండి, అదే వస్తుంది" అంటున్నారు. వదలొచ్చా?

ఇప్పుడే వద్దండి. పది రోజులు చాలవు.

పెద్దవాళ్ల మాట వాళ్లు చూసిన పిల్లుల విషయంలో నిజమే. ఊళ్లో పిల్లి ఆ ఇంటి అటక మీదే పుడుతుంది, తల్లి నోట కరుచుకుని ఏడిళ్లు తిప్పుతుంది. కళ్లు తెరిచినప్పటి నుంచీ దానికి ప్రతి గోడా, ప్రతి సందూ తెలుసు. మీ పిల్లికి తెలిసింది ఆ షెల్టర్ ఒక్కటే. మీ ఇంటిని లోపలి నుంచి పది రోజులు చూసింది, బయటి నుంచి ఒక్కసారీ చూడలేదు. ఇప్పుడు బయట ఏ బుల్లెట్ బండి చప్పుడుకో బెదిరితే మీ గుమ్మం వైపు పరుగెత్తదు. కంటికి కనపడిన మొదటి సందులోకి దూరిపోతుంది. ముందు తిరిగొచ్చే దారి నేర్పాలి, ఆ తర్వాతే బయటికి పంపాలి.

కనీసం మూడు వారాలు ఇంట్లోనే ఉంచండి. బెరుకు పిల్లి అయితే ఐదారు వారాలు. ఈ లెక్క తెచ్చిన రోజు నుంచి వేయకండి. మంచం కింది నుంచి బయటికొచ్చి ఇల్లంతా తిరగడం మొదలుపెట్టిన రోజు నుంచి వేయండి. క్యాలెండర్ కంటే నమ్మదగినవి దాని గుర్తులు: తలుపు చెక్కలకూ కుర్చీ కాళ్లకూ బుగ్గలు రుద్దుతుంది (అక్కడ వాసన గ్రంథులుంటాయి, ఇది నా చోటు అని రాసుకోవడమే అది), తోక నిటారుగా ఎత్తి నడుస్తుంది, హాలు మధ్యలో పక్కకు ఒరిగి పడుకుంటుంది, మీరు చూస్తుండగా నింపాదిగా తింటుంది. ఇవేవీ లేకుండా తలుపు దగ్గర అరుస్తోందంటే దానికి తోచడం లేదని అర్థం, బయటికి సిద్ధమైందని కాదు. రోజుకు రెండుసార్లు పది నిమిషాల చొప్పున దారం కట్టిన ఈకతో ఆడించండి, కిటికీ దగ్గర ఎత్తుగా కూర్చునే చోటు ఏర్పాటు చేయండి. అరుపు చాలావరకు తగ్గుతుంది.

ఇదే ప్రశ్నతో వచ్చే అపార్ట్‌మెంటు వాళ్లకు ఒక్క మాట: పై అంతస్తుల్లో ఉంటే వదలకండి. బాల్కనీకి జాలీ వేయించండి. పావురాల కోసం కట్టే సన్నటి నైలాన్ వలను పిల్లి కొరికి చిల్లు చేస్తుంది. స్టెయిన్‌లెస్ స్టీల్ జాలీ, కన్ను 3 సెంటీమీటర్లకు మించకుండా ఉన్నది వేయించుకోండి.

డాక్టరు పని గుమ్మం దాటకముందే పూర్తి కావాలి. షెల్టర్ వాళ్లిచ్చిన కార్డులో మూడు జబ్బుల టీకా (ప్యాన్‌ల్యూకోపీనియా, హెర్పిస్, క్యాలిసి), రేబిస్ టీకా రెండూ ఉన్నాయో లేదో చూడండి. లేకపోతే వేయించి, చివరి డోసు తర్వాత కనీసం రెండు వారాలు, రేబిస్‌కైతే నాలుగు వారాలు ఆగండి. తప్పిపోయిన పిల్లి ఎవరిదో తెలిపే మైక్రోచిప్ బియ్యపు గింజంత ఉంటుంది, చర్మం కింద వేస్తారు. అందులోని 15 అంకెల నంబరును మీ ఫోన్ నంబరుతో రిజిస్టర్ చేయించకపోతే వేయించి ఉపయోగం లేదు. దగ్గర్లో క్లినిక్ కుదరకపోతే హెబ్బాళలో ప్రభుత్వ వెటర్నరీ కాలేజీ ఆసుపత్రి ఉంది. మీ పిల్లికి ఆపరేషన్ అయింది కాబట్టి ఆ బెంగ లేదు. కానివాళ్లు మాత్రం వదలకూడదు: పిల్లి నాలుగైదు నెలలకే చూలు కట్టగలదు, 63 నుంచి 65 రోజుల్లో ఈనుతుంది.

గోమార్ల మందు విషయంలో జాగ్రత్త. కుక్కల మెడ మీద వేసే కొన్ని చుక్కల మందుల్లో పర్మెత్రిన్ ఉంటుంది. పిల్లి కాలేయం దాన్ని విరగ్గొట్టలేదు. వణుకు, ఫిట్స్ వచ్చి ప్రాణం పోవచ్చు. "కుక్కకి వాడగా కొంచెం మిగిలింది" అని అస్సలు వేయకండి, పిల్లికని రాసి ఉన్నదే వేయండి.

ఇప్పుడు అసలు పని, డబ్బా చప్పుడు. చిన్న స్టీలు డబ్బాలో ఒక చెంచా పొడి మేత వేయండి. రోజంతా గిన్నెలో మేత ఉంచే అలవాటుంటే ముందు అది మానాలి, కడుపు నిండిన పిల్లికి డబ్బాతో పనేముంటుంది? మేతను రోజుకు రెండు మూడు పూటలుగా వేళ ప్రకారం పెట్టండి. మొదటి నాలుగు రోజులు ప్రతి పూటకూ ముందు డబ్బాను మూడు సెకన్లు ఊపి, ఆ వెంటనే గిన్నె పెట్టండి. తర్వాత పక్క గదిలోంచి ఊపండి. ఆ తర్వాత అది ఆటలో ఉన్నప్పుడు, నిద్రలో ఉన్నప్పుడు. వచ్చిన ప్రతిసారీ ఉప్పు వేయకుండా ఉడికించిన కోడి మాంసం, వేలి గోరంత ముక్క. పదిసార్లు ఊపితే తొమ్మిదిసార్లు పరుగున రావాలి. అంతవరకు తలుపు తీసే మాట లేదు.

ఈ శిక్షణ చెడిపోయేది రెండు తప్పుల వల్ల. ఒకటి, డబ్బా ఊపి ఏమీ పెట్టకపోవడం. రెండోది ఇంకా చేటు: డబ్బాతో పిలిచి, వచ్చాక పట్టుకుని బుట్టలో వేసి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లడం. ఒక్కసారి అలా చేస్తే వారాల శ్రమ పోతుంది. మందు వేయాలన్నా, గోళ్లు కత్తిరించాలన్నా మీరే దాని దగ్గరికి వెళ్లండి. ఇంట్లో అందరూ ఒకే డబ్బా, ఒకే పిలుపు వాడాలి.

ఈ రెండు మూడు వారాల్లోనే కాంపౌండ్‌ను పిల్లి ఎత్తులో వంగి చూడండి. బెంగళూరు ఇళ్లలో అన్నిటికంటే ముందు చూడాల్సింది సంపు, అంటే నేలలో కట్టిన నీళ్ల తొట్టి. మూత పగిలినా, కావేరి నీళ్లు పట్టేటప్పుడు తెరిచి మరిచిపోయినా, పడిన పిల్లి నున్నటి గోడ పట్టుకుని పైకి రాలేదు. పక్కింటి సంపు కూడా అడిగి చూడండి. తర్వాత గోడ మీద గుచ్చిన గాజు పెంకులు. మీ వైపువి తీయించి సిమెంటు పూయించవచ్చు. తర్వాత ఎలుకల మందు. రక్తం గడ్డకట్టకుండా చేసే రకం మందు తిని చచ్చిన ఎలుకను పిల్లి తింటే, మూడు నుంచి ఐదు రోజుల తర్వాత చిగుళ్లు పాలిపోయి నీరసపడుతుంది. వెంటనే తీసుకెళ్తే విటమిన్ కె1తో బతికించవచ్చు. అందుకే పక్కవాళ్లు ఏ మందు పెడుతున్నారో పేరు రాసి పెట్టుకోండి. ఎలుకల జిగురు అట్టకు పిల్లి అంటుకుంటే లాగకండి, వంట నూనె రాస్తూ మెల్లగా విడదీయండి. చీమల చాక్‌పీసు గీతలు గడప దగ్గర గీసే అలవాటుంటే మానేయండి. కుండీల్లో లిల్లీ జాతి మొక్కలుంటే తీసేయండి. వాటి పుప్పొడి ఒంటి మీద పడి నాకినా మూత్రపిండాలు దెబ్బతింటాయి.

ఇరుగు పొరుగుకు ముందే చెప్పండి, ఫోటో చూపించండి. మీ వీధిలో కన్నడం వాళ్లుంటే "నమ్మ బెక్కు" (మా పిల్లి) అని పరిచయం చేస్తే, రేపు అది వాళ్ల మేడ మీద కనిపించినప్పుడు రాయి విసరరు, మీకు ఫోన్ చేస్తారు. పక్కింటి పూలకుండీలో మలవిసర్జన చేయకుండా మీ కాంపౌండ్ మూలలో రెండడుగుల వెడల్పున ఇసుక పోసి ఉంచండి. ఇంట్లో దాని మలమూత్రాలకు పెట్టిన ట్రే మాత్రం తీయకండి, బయటా పెట్టకండి. ఆ వాసనకు వీధి గండుపిల్లులు వస్తాయి.

మెడపట్టీ అయితే లాగితే దానంతటదే ఊడిపోయే క్లిప్పు ఉన్నదే. రెండు వేళ్లు పట్టేంత వదులు ఉండాలి. సాగే ఎలాస్టిక్ పట్టీలో ముందు కాలు ఇరుక్కుని చంక కోసుకుపోతుంది. దాని మీద ఫోన్ నంబరు చెక్కించండి. పట్టీకి తగిలించే ఎయిర్‌ట్యాగ్ (పిల్లి ఎక్కడుందో ఫోన్‌లో చూపే ఆపిల్ బిళ్ల) బరువు 11 గ్రాములే గానీ, దగ్గర్లో ఎవరి దగ్గరైనా ఆపిల్ ఫోన్ ఉంటేనే చోటు చూపిస్తుంది. సందడి వీధుల్లో పని చేస్తుంది.

మీ గేటు ముందు బళ్లు ఎక్కువగా తిరిగితే మొదటి వారం హార్నెస్ (ఛాతీకి తొడిగి తాడు కట్టే పట్టీ) వాడటం మంచిదని నా అభిప్రాయం. దానికీ ఇంట్లో పది రోజుల అలవాటు కావాలి. మొదట తొడిగినప్పుడు పక్కకు పడిపోయి కదలదు, కంగారు పడకండి, మాంసం ముక్క చూపించి లేపండి. పిల్లి వెనక్కి నడిచి హార్నెస్ లోంచి జారిపోతుంది. కాబట్టి ఇంట్లోనే దాని ముందు నిలబడి తాడును మెత్తగా లాగి పరీక్షించండి. తాడు స్తంభానికి కట్టి వెళ్లిపోవడం మాత్రం ప్రాణాంతకం, గోడ దూకి వేలాడుతుంది.

మొదటి రోజుకు వాన లేని మామూలు రోజు చూసుకోండి. పక్క సైటులో కట్టడం పని నడుస్తున్నా, ట్యాంకరు వచ్చే వేళైనా వాయిదా వేయండి. సాయంత్రం నాలుగు గంటలు మంచి వేళ: మధ్యాహ్నం మేత సగమే పెట్టి ఉంటారు కాబట్టి ఆకలి ఉంటుంది, వెలుగు ఉంటుంది, వీధి కుక్కలు ఇంకా మందగా తిరగవు. గేటు మూసి, వెనక తలుపు కూడా మూసి, వీధి తలుపు ఒక్కటి బార్లా తెరిచి, గాలికి ఢమాలున కొట్టుకోకుండా ఇటుక అడ్డం పెట్టండి. పిల్లిని ఎత్తుకుని బయట దించకండి. తన కాళ్లతో నడిచి వస్తేనే గడప నుంచి మెట్టు వరకు, మెట్టు నుంచి తులసికోట వరకు వాసనల గొలుసు దాని ముక్కులో పడుతుంది. తిరిగి వచ్చేది ఆ గొలుసు పట్టుకునే.

మీరు మెట్టు మీద కూర్చోండి, మాట్లాడకండి. అది గడప మీద పది నిమిషాలు నిలబడొచ్చు, పొట్ట నేలకు ఆనించి రెండడుగులు వేసి లోపలికి పారిపోవచ్చు. అలా పారిపోవడమే మనకు కావలసింది, భయం వేస్తే ఇంట్లోకే అని నేర్చుకుంటోంది. పది నిమిషాలకు డబ్బా ఊపండి, లోపల పూర్తి భోజనం పెట్టండి, తలుపు వేసేయండి. బాగా ఆడుకుంటోంది కదా అని మొదటి రోజు పొడిగించకండి. మర్నాడు పదిహేను నిమిషాలు, ఆ తర్వాత రోజుకు ఐదు చొప్పున. ఏదైనా రోజు బెదిరితే రెండు రోజులు వెనక్కి వెళ్లండి. పది పన్నెండు రోజులు ఇలా సాగాక అరగంట ఒంటరిగా వదలొచ్చు.

గోడ దూకిందా, వెంటపడకండి. మీరు పరుగెత్తితే తరుముతున్నారనే అనుకుంటుంది. ఉన్నచోటే కూర్చుని ఐదు నిమిషాలాగి డబ్బా ఊపండి.

రాత్రి బయట ఉంచడం బెంగళూరులో వద్దే వద్దు. డిసెంబరులో ఆరు ప్రాంతంలో, జూలైలో ఆరూ ముప్పావుకి సూర్యాస్తమయం. దానికి అరగంట ముందే రాత్రి భోజనం వేళ పెట్టుకుంటే పిల్లి తానే వస్తుంది. దీపావళి ముందూ వెనకా, వినాయక నిమజ్జనం రోజుల్లో, డిసెంబరు 31 రాత్రి ఇల్లు కదలనివ్వకండి. చలికాలం పొద్దున్నే కారు తీసేముందు బానెట్ మీద రెండు దెబ్బలు కొట్టండి, వెచ్చదనానికి లోపల ముడుచుకుని ఉండొచ్చు.

ఇంటికి రాగానే ఒళ్లంతా చేత్తో నిమరండి. పోట్లాటలో పడిన పంటి గాటు పైకి చుక్కలా ఉంటుంది, రెండు మూడు రోజుల్లో చీము గడ్డ అవుతుంది. వాపు, జ్వరం, తిండి మానడం కనిపిస్తే డాక్టరు. నొప్పికి పారాసిటమాల్ ఇవ్వకండి, పిల్లికి అది విషం. కుక్క కరిస్తే టీకా ఉన్నా ఆ రోజే తీసుకెళ్లండి. ఆ హడావిడిలో మిమ్మల్ని గీరినా కరిచినా సబ్బు నీళ్లతో పదిహేను నిమిషాలు కడిగి మీరూ ఆసుపత్రికి వెళ్లండి.

ఒకవేళ వేళకు రాకపోతే, దూరం పోయిందనుకోకండి. కొత్త పిల్లి మామూలుగా మూడు నాలుగు ఇళ్ల లోపే నోరెత్తకుండా దాక్కుని ఉంటుంది, మీ గొంతు విన్నా జవాబివ్వదు. నిలిపి ఉంచిన కార్ల కింద, మెట్ల కింద, మోటారు గదుల్లో, సంపుల్లో, కట్టడం జరిగే చోట ఇటుకల సందుల్లో మీరే వంగి చూడండి. "మా ఇంట్లో లేదండి" అన్నవాళ్లను కూడా మోటారు గది తెరిచి చూపించమని అడగండి, మూత పడిన గదుల్లో చిక్కుకునే పిల్లులు చాలా ఎక్కువ. రాత్రి పదకొండు తర్వాత వీధి సద్దుమణిగాక టార్చిని కంటి ఎత్తులో పట్టుకుని వెతికితే కళ్లు మెరుస్తాయి. అది పడుకునే పాత దుప్పటి గుమ్మంలో వేసి, తలుపు జానెడు తెరిచి, లోపల ఎండు నెత్తళ్లు వేడి నీళ్లలో నానబెట్టి పెట్టండి. రెండో రోజు కన్నడంలోనూ ఇంగ్లీషులోనూ ఫోటోతో కాగితాలు అంటించి, మీరు తెచ్చుకున్న షెల్టర్‌కూ చెప్పండి. షెల్టర్ దగ్గర్లోనే ఉంటే పిల్లి ఆ దారే పట్టి ఉండొచ్చు. వారం గడిచినా వెతకడం ఆపకండి, ఆకలి భయాన్ని మించేదాకా కొన్ని పిల్లులు కదలవు. దొరికాక మళ్లీ రెండు వారాలు ఇంట్లోనే ఉంచి, డబ్బాతో మొదటి నుంచి మొదలుపెట్టండి.